క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ ఆపినా ప్రాసెసర్ వాడకం తగ్గకపోతే అసలు కారణాన్ని పట్టుకోవడం ఎలా?

మీరు రాసిన వివరాలను బట్టి నేను అర్థం చేసుకున్నది ఇది. ల్యాప్‌టాప్‌లో నాలుగు లాజికల్ ప్రాసెసర్లు (ఒకే సమయంలో వేర్వేరు పనులు చేయగల భాగాలు, కింద వీటినే కోర్లు అంటాను), 8 జీబీ ర్యామ్ ఉన్నాయి. క్రోమ్ తెరిచి నాలుగైదు ట్యాబ్‌లు పెట్టగానే ఫ్యాను గట్టిగా తిరుగుతోంది, విండోస్ టాస్క్ మేనేజర్‌లో క్రోమ్ ఎదురుగా 25 నుంచి 30 శాతం దాకా కదలకుండా నిలిచి ఉంటోంది. యాంటీవైరస్‌తో పూర్తిగా స్కాన్ చేయించారు, ఏమీ దొరకలేదు. క్రోమ్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశారు, అదే గూగుల్ ఖాతాతో సైన్ ఇన్ అయిన కొద్దిసేపటికి సమస్య తిరిగి వచ్చింది. ఉన్న 11 ఎక్స్‌టెన్షన్లను ఒక్కొక్కటిగా ఆపి చూశారు, తేడా కనబడలేదు. కాబట్టి తప్పు ఎక్స్‌టెన్షన్లది కాదని, వెబ్‌సైటుదో ల్యాప్‌టాప్‌దో అని నిర్ణయించుకుని కొత్త ల్యాప్‌టాప్ కొనాలా అని అడుగుతున్నారు.

కొనవద్దు. మీరు చేసిన పరీక్షలో ఒక చిన్న లోపం ఉంది, ఆ లోపం వల్లనే అసలు దోషి తప్పించుకుంది. క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్‌ను ఆపినంత మాత్రాన, అది అప్పటికే తెరిచి ఉన్న పేజీల్లోకి పంపిన స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాము, ఆగదు. ఎక్స్‌టెన్షన్ జాబితాలో స్విచ్ ఆఫ్ అయినట్టు కనిపిస్తుంది గాని, ఆ పేజీని రీలోడ్ చేసే వరకూ లేదా ట్యాబ్ మూసే వరకూ ఆ స్క్రిప్టు అక్కడే తన పని తాను చేసుకుంటూ ఉంటుంది. మీరు ఒక్కొక్క ఎక్స్‌టెన్షన్ ఆపి, ట్యాబ్‌లను అలాగే ఉంచి, టాస్క్ మేనేజర్ వైపు చూసి, అంకె తగ్గలేదు గనుక ఇది కాదని తర్వాతి దానికి వెళ్లి ఉంటారు. ఈ తప్పు చాలామంది చేస్తారు. ఏళ్ల తరబడి కార్యాలయాల్లో కంప్యూటర్లు చూస్తున్న నేను కూడా మొదట్లో చేశాను.

ముందుగా ఆ 25 శాతం గురించి చెప్పాలి, ఎందుకంటే అదే మనకున్న మొదటి ఆధారం. విండోస్ టాస్క్ మేనేజర్ అన్ని లాజికల్ ప్రాసెసర్లనూ కలిపి 100గా లెక్కిస్తుంది. నాలుగు ఉన్న యంత్రంలో ఒక్కటి పూర్తిగా నిండితే అది సుమారు 25గా, ఎనిమిది ఉన్న యంత్రంలో సుమారు 12గా కనిపిస్తుంది. ఒక వెబ్ పేజీలో నడిచే జావాస్క్రిప్ట్ మామూలుగా ఒకే ప్రధాన థ్రెడ్ (పనులు ఒకదాని తర్వాత ఒకటిగా జరిగే వరుస) మీద నడుస్తుంది కనుక, అది ఎంత చెలరేగినా ఒక్క కోర్‌నే నింపగలదు. మీ అంకె 25 దగ్గర మొదలై అక్కడే నిలవడాన్ని బట్టి, ఏదో ఒక స్క్రిప్టు ఎక్కడో విరామం లేకుండా తిరుగుతోందని బలంగా అనుమానించవచ్చు. మిగిలిన మూడు భాగాలు ఖాళీగా ఉన్నా ల్యాప్‌టాప్ మందగించినట్టు అనిపించడానికి కారణం వేడి. ఒక కోర్ గంటల తరబడి పూర్తి వేగంతో పనిచేస్తే, ముఖ్యంగా మన ఎండాకాలంలో పరుపు మీదో దిండు మీదో పెట్టిన ల్యాప్‌టాప్‌లో, ప్రాసెసర్ తన ఉష్ణోగ్రత పరిమితికి చేరి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అప్పుడు క్రోమ్‌తో సంబంధం లేని పనులు కూడా నెమ్మదిస్తాయి. ల్యాప్‌టాప్ పాతదైపోయిందన్న అభిప్రాయం మీకు ఇక్కడి నుంచే వచ్చి ఉంటుంది.

మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా సమస్య ఎందుకు తిరిగి వచ్చిందో కూడా తేలికగానే తెలుస్తుంది. సింక్ ఆన్‌లో ఉన్న ఖాతాతో సైన్ ఇన్ కాగానే బుక్‌మార్కులతో పాటు ఎక్స్‌టెన్షన్ల జాబితా కూడా వస్తుంది, క్రోమ్ వాటిని తనంతట తానే మళ్లీ తెచ్చుకుంటుంది. అంటే మీరు ఇల్లు ఖాళీ చేసి, సున్నం వేయించి, పాత సామానే తిరిగి సర్దుకున్నారు. సమస్య సామానులో ఉంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఒక ఎక్స్‌టెన్షన్ పని రెండు చోట్ల జరుగుతుంది. మొదటిది దాని సొంత నేపథ్య భాగం. ఇది ఎక్స్‌టెన్షన్‌కు చెందిన వేరే ప్రాసెస్‌లో నడుస్తుంది, కాబట్టి అక్కడ ఖర్చయ్యే ప్రాసెసర్ సమయం ఆ ఎక్స్‌టెన్షన్ పేరుతోనే నమోదవుతుంది. పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లలో ఈ భాగం బ్రౌజరు తెరిచి ఉన్నంతసేపూ మేలుకొనే ఉండేది. ఎక్స్‌టెన్షన్లు ఎలా ఉండాలో చెప్పే మూడవ తరం మ్యానిఫెస్ట్ నిబంధనలు వచ్చాక అది పని ఉన్నప్పుడే మేలుకునే సర్వీస్ వర్కర్‌గా మారింది, పని లేకుండా 30 సెకన్లు గడిస్తే క్రోమ్ దాన్ని ఆపేస్తుంది. అందువల్ల ఈ భాగం నుంచి వచ్చే బెడద మునుపటికంటే తగ్గింది.

రెండవది కంటెంట్ స్క్రిప్టు. ఎక్స్‌టెన్షన్ తనకు అనుమతి ఉన్న ప్రతి పేజీలోకీ ఈ స్క్రిప్టును పంపుతుంది. పేజీలోని అక్షరాలను, బొమ్మలను, ఖాళీ పెట్టెలను చదవడం, మార్చడం దీని పని. ప్రకటనలు దాచేవి, వ్యాకరణం సరిచూసేవి, పేజీని నలుపు రంగులోకి మార్చేవి, ధరలు పోల్చేవి, పాస్‌వర్డులు నింపేవి అన్నీ దీని మీదే ఆధారపడతాయి. పేజీ రాసినవారి చరరాశులు ఈ స్క్రిప్టుకు కనబడకుండా, దీనివి వారికి కనబడకుండా బ్రౌజరు మధ్యలో గోడ కడుతుంది. కానీ ఆ గోడ లెక్కల్లో ఉండదు. స్క్రిప్టు నడిచేది ఆ పేజీ ఉన్న ప్రాసెస్‌లోనే, ఆ పేజీ ప్రధాన థ్రెడ్ మీదే. అది తిన్న సమయమంతా ట్యాబ్ ఖాతాలో పడుతుంది. మీరు క్రోమ్ టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే వార్తల సైటు ట్యాబ్ ఎదురుగా 98 అని ఉంటుంది, ఎక్స్‌టెన్షన్ ఎదురుగా సున్నా ఉంటుంది. చూసినవారెవరైనా వార్తల సైటునే తప్పుపడతారు. వెబ్‌సైటుదే తప్పని మీరు అనుకోవడం వెనుక ఉన్నది ఇదే.

కాబట్టి పరీక్షను ఈ విధంగా మళ్లీ చేయండి. క్రోమ్ విండో మీద షిఫ్ట్, ఎస్కేప్ కీలు కలిపి నొక్కితే క్రోమ్ సొంత టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. మెనూలో మరిన్ని సాధనాల కింద కూడా అది ఉంటుంది. ఎడ్జ్‌లోనూ ఇదే కీల జంట పనిచేస్తుంది. సీపీయూ అనే నిలువు వరుస శీర్షిక మీద నొక్కి, ఎక్కువ తింటున్నది పైకి వచ్చేలా చేయండి. ఇక్కడి లెక్క విండోస్ లెక్క కాదని గుర్తుంచుకోండి. ఇక్కడ 100 అంటే ఒక కోర్ నిండినట్టు, కాబట్టి విండోస్‌లో 25గా కనిపించినదే ఇక్కడ 100 దగ్గర కనిపిస్తుంది. పైన ఉన్న వరుస ఎక్స్‌టెన్షన్ పేరుతో ఉంటే మీ పని అయిపోయినట్టే. అది ట్యాబ్ పేరుతో ఉంటే పేజీ సొంత స్క్రిప్టు కావచ్చు, ఏదైనా ఎక్స్‌టెన్షన్ పంపిన కంటెంట్ స్క్రిప్టు కావచ్చు. తెర గీసే పని చూసే జీపీయూ ప్రాసెస్ పైన ఉంటే ఇది వేరే సమస్య. సెట్టింగుల్లో గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆపి ఉండి, గ్రాఫిక్స్ చిప్ చేయవలసిన పని ప్రాసెసర్ మీద పడుతున్నప్పుడు అలా జరగవచ్చు.

ట్యాబ్ పైన ఉందనుకుందాం. ఆ ట్యాబ్‌ను వదిలి మరో ట్యాబ్‌కు వెళ్లి ఒక నిమిషం ఆగి చూడండి. కనబడని ట్యాబ్‌లలోని టైమర్లను క్రోమ్ సెకనుకు ఒకసారికి మించి కదలనివ్వదు. 2021 జనవరిలో వచ్చిన 88వ వెర్షన్ నుంచి, ట్యాబ్ ఐదు నిమిషాలకు పైగా మరుగున ఉంటే చాలా సందర్భాల్లో నిమిషానికి ఒకసారికే పరిమితం చేస్తుంది. మరో ట్యాబ్‌కు వెళ్లగానే అంకె పడిపోయి, తిరిగి రాగానే పెరిగితే, ఆ పేజీలో టైమరుతోనో, తెర మీద బొమ్మ గీసే ప్రతిసారీనో నడిచే స్క్రిప్టు ఉందని అర్థం. వెళ్లినా పడకపోతే అది టైమర్ మీద ఆధారపడకుండా, ఒకే పనిని ఆగకుండా మళ్లీ మళ్లీ చేసే గట్టి లూప్ అయి ఉండవచ్చు. అన్ని ట్యాబ్‌లూ మూసి క్రోమ్ సెట్టింగుల పేజీ ఒక్కటే తెరిచి ఉంచడం మరో మంచి పరీక్ష. క్రోమ్ సొంత పేజీల్లోకి మామూలు ఎక్స్‌టెన్షన్లకు ప్రవేశం లేదు. అక్కడ కూడా ప్రాసెసర్ నిండుతూ ఉంటే కంటెంట్ స్క్రిప్టుల మీద అనుమానం వదిలి నేపథ్య భాగాల వైపు చూడాలి.

ఎక్స్‌టెన్షన్లు మొత్తం లేకుండా ఒకసారి చూడటానికి చాలామంది ఇన్‌కాగ్నిటో విండో వాడమంటారు. అందులో ఎక్స్‌టెన్షన్లు మీరు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప నడవవు, ఆ మేరకు సలహా సరైనదే. అయితే అక్కడ మీరు ఏ ఖాతాలోనూ లాగిన్ అయి ఉండరు కనుక వచ్చే పేజీ వేరేగా ఉంటుంది. మెయిల్ పెట్టె బదులు లాగిన్ పేజీ వస్తే దాన్ని చూసి ప్రాసెసర్ తగ్గిందనడం సరైన పోలిక కాదు. క్రోమ్‌లో కొత్త ప్రొఫైల్ ఒకటి సృష్టించి, దానికి సింక్ పెట్టకుండా, కావలసిన సైటులో మాత్రం లాగిన్ అయి చూడటం నేను ఇష్టపడే పద్ధతి. ఫైర్‌ఫాక్స్ వాడేవారికి సహాయం మెనూలో ట్రబుల్‌షూట్ మోడ్ ఉంది. అది యాడ్-ఆన్లతో పాటు హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌ను కూడా ఆపుతుంది కనుక, అందులో సమస్య పోయిందంటే దోషం తప్పకుండా యాడ్-ఆన్‌దేనని వెంటనే తీర్మానించకూడదు.

కొత్త ప్రొఫైల్‌లో అదే పేజీ ప్రశాంతంగా ఉంటే దోషి మీ 11 ఎక్స్‌టెన్షన్లలో ఉంది. ఒక్కొక్కటి ఆపడం కంటే సగం సగంగా ఆపడం మేలు. ఆరు ఆపండి, బాధపెడుతున్న ట్యాబ్‌ను తప్పకుండా రీలోడ్ చేయండి, ఒక నిమిషం చూడండి. తగ్గితే దోషి ఆ ఆరింటిలో ఉంది, తగ్గకపోతే మిగిలిన ఐదింటిలో ఉంది. ఆ గుంపును మళ్లీ సగం చేయండి. గరిష్ఠంగా నాలుగు పరీక్షల్లో ఒక్క పేరు మిగులుతుంది. రీలోడ్ మరవవద్దని ఇన్నిసార్లు చెప్పడానికి కారణముంది. ఆపినప్పుడు పాత స్క్రిప్టు పేజీలో మిగిలి ఉండటం ఒక వైపైతే, ఎక్స్‌టెన్షన్‌ను తిరిగి ఆన్ చేసినప్పుడు అప్పటికే తెరిచి ఉన్న పేజీలోకి కొత్త స్క్రిప్టు మామూలుగా వెళ్లకపోవడం రెండో వైపు. అంటే రీలోడ్ లేని పరీక్ష రెండు దిక్కులా అబద్ధమే చెబుతుంది.

పేరు తెలిశాక చాలామంది దాన్ని తీసేసి ఊరుకుంటారు. అది మీకు అక్కరకు రాని ఎక్స్‌టెన్షన్ అయితే అంతే చాలు. రోజూ వాడేదైతే మాత్రం మరొక్క అడుగు వేయమంటాను. ఆ ట్యాబ్‌లో ఎఫ్ 12 నొక్కి డెవలపర్ సాధనాలు తెరిచి, పెర్ఫార్మెన్స్ అనే విభాగంలో రికార్డు గుర్తు నొక్కి, ఐదు సెకన్ల తర్వాత ఆపండి. ఎక్కువసేపు రికార్డు చేస్తే సమాచారం కుప్పలుగా పెరిగి చదవడం కష్టమవుతుంది తప్ప ప్రయోజనం లేదు. కింద వచ్చే పట్టికల్లో బాటమ్-అప్ అనేదాన్ని ఎంచుకుంటే, ఏ ఫంక్షన్ స్వయంగా ఎంత సమయం తిన్నదో పెద్దదాని నుంచి చిన్నదానికి వరుసగా కనిపిస్తుంది. ప్రతి ఫంక్షన్ పక్కన అది ఏ ఫైలు నుంచి వచ్చిందో ఉంటుంది. ఆ ఫైలు చిరునామా వెబ్‌సైటు పేరుతో కాక క్రోమ్-ఎక్స్‌టెన్షన్ అనే మాటతో మొదలై, దాని వెనుక 32 ఇంగ్లీషు అక్షరాల పొడవైన గుర్తింపు వస్తే, అది ఎక్స్‌టెన్షన్ స్క్రిప్టు. ఎక్స్‌టెన్షన్ల పేజీలో డెవలపర్ మోడ్ ఆన్ చేస్తే ప్రతి ఎక్స్‌టెన్షన్ కిందా దాని 32 అక్షరాల గుర్తింపు కనబడుతుంది. రెండింటినీ పోల్చండి. ఇది నేరుగా దొరికిన సాక్ష్యం, ఊహతో పని లేదు. నిజానికి అలవాటైన తర్వాత నేను సగం సగం పద్ధతికి వెళ్లకుండా ముందే ఈ రికార్డింగు చేస్తాను, రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఫైర్‌ఫాక్స్‌లో మరిన్ని సాధనాల కింద ఉన్న టాస్క్ మేనేజర్ తెరిచి, ఏ ప్రాసెస్ మీదికి మౌస్ తీసుకెళ్లినా దాన్ని ఐదు సెకన్ల పాటు ప్రొఫైల్ చేసే గుర్తు కనిపిస్తుంది.

రికార్డింగు చూశాక అసలు ఏ రకం తప్పు జరుగుతోందో కూడా తెలుసుకోవడం మంచిది, అప్పుడే సరైన పరిష్కారం దొరుకుతుంది. నేను చూసినవాటిలో అన్నింటికంటే ఎక్కువగా కనిపించేది, పేజీలో మార్పులను గమనించే స్క్రిప్టు తాను చేసిన మార్పునే మళ్లీ గమనించి మేలుకోవడం. దీన్ని నా సొంత అనుభవంతోనే వివరిస్తాను. నాకు తెలుగు అంకెలంటే ఇష్టం. పేజీల్లోని ఇంగ్లీషు అంకెలను ౦ నుంచి ౯ వరకూ ఉన్న మన అంకెల్లోకి మార్చి చూపే చిన్న యూజర్ స్క్రిప్టు ఒకటి రాసుకుని, మనం రాసుకున్న స్క్రిప్టులను పేజీల్లో నడిపే ట్యాంపర్‌మంకీ అనే ఎక్స్‌టెన్షన్‌లో పెట్టుకున్నాను. పేజీలోని ప్రతి వాక్య ఖండాన్నీ తీసుకుని, అంకెలు మార్చి, ఫలితాన్ని తిరిగి అక్కడే రాయడం దాని పని. పేజీలోకి కొత్త వార్తలు వచ్చి చేరుతుంటాయి కనుక, మ్యుటేషన్ అబ్జర్వర్ అనే సదుపాయంతో పేజీ మారినప్పుడల్లా ఆ పని మళ్లీ జరిగేలా ఏర్పాటు చేశాను. ప్రతి చిన్న మార్పుకూ పరుగెత్తకుండా మధ్యలో 50 మిల్లీసెకన్ల విరామం కూడా పెట్టాను. వారం రోజుల తర్వాత క్రికెట్ స్కోరు పేజీ తెరిచి ఉన్నప్పుడల్లా ఫ్యాను మోగడం మొదలైంది. స్కోరు పేజీ బరువైనదని అనుకుని చాలా రోజులు వదిలేశాను.

లోపం ఎక్కడుందంటే, మార్చవలసిన అంకె ఒక్కటీ లేకపోయినా నా స్క్రిప్టు ప్రతి ఖండాన్నీ తిరిగి రాస్తోంది. పేజీలోని ఒక మూలకం పాఠం ఉండే టెక్స్ట్‌కంటెంట్‌కు అదే పాఠాన్ని, అక్షరం తేడా లేకుండా తిరిగి కేటాయించినా, బ్రౌజరు పాత పాఠ్య ఖండాన్ని తీసేసి కొత్తదాన్ని పెడుతుంది, దాన్ని మార్పుగానే లెక్కిస్తుంది. ఆ మార్పు చూసి నా అబ్జర్వర్ మేలుకుంటుంది, 50 మిల్లీసెకన్ల తర్వాత పేజీ అంతా మళ్లీ రాస్తుంది, అది మరో మార్పు అవుతుంది. ఇలా అంతు లేకుండా సాగింది. ఆ విరామమే నన్ను ఎక్కువగా మోసం చేసింది. అది లేకపోతే అబ్జర్వర్ తనను తాను వెంటవెంటనే పిలుచుకుని, తెర గీయడానికి కూడా బ్రౌజరుకు సందు ఇవ్వక, పేజీ పూర్తిగా స్తంభించి మొదటి నిమిషంలోనే దొరికిపోయేది. విరామం ఉండటంతో పేజీ మామూలుగా కదులుతున్నట్టు కనబడుతూనే ప్రాసెసర్‌ను తినేసింది. చిన్న పేజీల్లో ఒక్క చుట్టుకు రెండు మూడు మిల్లీసెకన్లే పట్టేది కాబట్టి అక్కడ తెలియలేదు. వేల గళ్లున్న స్కోరు పట్టికలో ఒక్కో చుట్టుకు విరామం కంటే ఎన్నో రెట్ల సమయం పట్టి కోర్ దాదాపు నిండిపోయింది.

పాత పాఠం, కొత్త పాఠం వేరైనప్పుడే రాయమని ఒక్క షరతు చేర్చగానే ప్రాసెసర్ వాడకం దాదాపు సున్నాకు వచ్చింది. ఆ తర్వాత మరొక మెరుగు కూడా చేశాను. పేజీ అంతా వెతకకుండా, అబ్జర్వర్ అందించే మార్పుల జాబితాలో కొత్తగా చేరిన ఖండాలను మాత్రమే చూడమన్నాను. మీరు స్క్రిప్టులు రాసేవారైతే ఈ రెండింటినీ మొదటి నుంచే అలవాటు చేసుకోండి.

పేజీ అంతా ఒకసారి నడిచి పాఠం మార్చే పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. 2000ల దశకంలో తెలుగు పత్రికల సైట్లు యూనికోడ్‌లో కాక తమ సొంత ఫాంట్లలో ఉన్నప్పుడు, వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి పద్మ అనే యాడ్-ఆన్‌ను ఫైర్‌ఫాక్స్‌లో ఎంతోమంది వాడుకున్నాం. ఆ రోజుల్లో ఎక్కువ పేజీలు ఒకసారి దిగాక స్థిరంగా ఉండేవి, ఒక్కసారి మారిస్తే సరిపోయేది. ఈనాటి పేజీ కిందికి జరిపేకొద్దీ పెరుగుతుంది, ప్రకటనలు మారతాయి, అంకెలు సెకను సెకనుకూ కదులుతాయి. ఆనాటి పద్ధతిని యథాతథంగా ఈనాటి పేజీ మీద ప్రయోగించడమే చాలా ఎక్స్‌టెన్షన్ల ఇబ్బందికి మూలమని నా అభిప్రాయం.

రెండవ రకం తప్పు టైమరుది. పేజీలో ఏదో ఒక బటన్ ఎప్పుడు వస్తుందా అని 10 మిల్లీసెకన్లకొకసారి వెతికే స్క్రిప్టు, ఆ బటన్ ఎన్నటికీ రాని సైట్లలో కూడా జీవితాంతం వెతుకుతూనే ఉంటుంది. యూజర్ స్క్రిప్టుల్లో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే ఒక్క సైటు కోసం రాసిన స్క్రిప్టుకు అన్ని సైట్లలోనూ నడవమని అనుమతి ఇచ్చేస్తారు. దీనికి మందు తేలిక, స్క్రిప్టు తలభాగంలోని మ్యాచ్ వరుసలో అవసరమైన సైటు పేరు మాత్రమే ఉంచాలి.

మూడవది పాఠంలో నమూనాలు వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌ది. అమాయకంగా కనిపించే ఒక్క వరుస ఎంత పని చేయగలదో, ప్రోగ్రామర్లు ప్రశ్నలు అడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో సైటు 2016 జులై 20న చూసింది. వాక్యం చివరి ఖాళీలను తొలగించడానికి రాసిన ఎక్స్‌ప్రెషన్‌కు సుమారు 20,000 ఖాళీలు వరుసగా ఉన్న పాఠం ఎదురైంది. ఆ ఖాళీలు వరుస చివర కాక మధ్యలో ఉండటంతో, ప్రతి ఖాళీ నుంచీ మొదలుపెట్టి చివరిదాకా వెళ్లి విఫలమై మళ్లీ తర్వాతి ఖాళీ నుంచి మొదలుపెట్టింది. అంటే సుమారు 20 కోట్ల పోలికలు. సైటు 34 నిమిషాలు పనిచేయలేదు. ఆ ఎక్స్‌ప్రెషన్‌లో మామూలు ఖాళీతో పాటు మన తెలుగులో పొల్లు తర్వాత అక్షరాలు కలవకుండా ఆపడానికి వాడే కనబడని అక్షరం కూడా ఉండటం తెలుగువారిగా మనం గమనించదగ్గది. అంత పెద్ద సర్వర్లకే అలా జరిగితే, మీరు టైపు చేసే ప్రతి అక్షరానికీ పెట్టెలోని పాఠమంతా తిరిగి వెతికే వ్యాకరణ ఎక్స్‌టెన్షన్ పొడవైన పత్రంలో ఏం చేస్తుందో ఊహించవచ్చు. పొడవైన మెయిల్ రాసేటప్పుడు మాత్రమే మందగిస్తే ముందుగా ఇటువంటి వాటినే అనుమానించండి.

తప్పు కాక ద్రోహం జరిగే సందర్భాలు కూడా ఉన్నాయి. 2017 సెప్టెంబరులో మొదలైన కాయిన్‌హైవ్ అనే సేవ, చూసేవారి ప్రాసెసర్‌తో మొనెరో అనే క్రిప్టో నాణేలను తవ్వించేది, అంటే లెక్కలు చేయించి ఆ డిజిటల్ నాణేలు సంపాదించేది. అదే నెలలో సేఫ్‌బ్రౌజ్ అనే క్రోమ్ ఎక్స్‌టెన్షన్‌లో ఆ స్క్రిప్టు బయటపడింది. 2018 ఏప్రిల్‌లో గూగుల్ తవ్వకం ఎక్స్‌టెన్షన్లను నిషేధించింది, 2019 మార్చిలో కాయిన్‌హైవ్ మూతపడింది. మీది ఆ కోవకు చెందినది కాదని నేను అనుకోవడానికి కారణం మీ 25 శాతమే. తవ్వే స్క్రిప్టులు మామూలుగా వర్కర్ల (ప్రధాన థ్రెడ్ బయట నడిచే అదనపు స్క్రిప్టుల) సాయంతో అన్ని కోర్ల మీదా పనిచేస్తాయి, పట్టుబడకుండా ఉండటానికి అన్నింటినీ కొంత కొంత వాడతాయి. అలా కాకుండా మీకు ఒక్క కోర్ నిండి, మిగిలినవి ఖాళీగా ఉన్నాయి.

ఇక్కడ మరొక విషయం చెప్పక తప్పదు. ఎక్స్‌టెన్షన్లు మనల్ని అడగకుండానే అప్‌డేట్ అవుతాయి. కొత్త అనుమతులు కోరితేనే క్రోమ్ మనల్ని అడుగుతుంది, అన్ని సైట్ల అనుమతి ముందే ఇచ్చి ఉంటే లోపల ఏం మారినా తెలియదు. ట్యాబ్‌లను నిద్రపుచ్చి మెమరీ ఆదా చేసే ది గ్రేట్ సస్పెండర్ అనే ఎక్స్‌టెన్షన్‌ను ఎంతోమంది ఏళ్ల తరబడి నమ్మి వాడారు. 2020లో అది వేరే చేతుల్లోకి వెళ్లింది. 2021 ఫిబ్రవరిలో అందులో మాల్‌వేర్ ఉందని చెప్పి గూగుల్ దాన్ని తొలగించింది. అందుచేత మూడేళ్లుగా ఉన్నదే గనుక అది కారణం కాదన్న వాదన చెల్లదు. సమస్య ఎప్పుడు మొదలైందో గుర్తు తెచ్చుకుని, ఎక్స్‌టెన్షన్ స్టోర్ పేజీలో చివరి అప్‌డేట్ తేదీతో పోల్చి చూడండి.

దోషి తేలాక, అది మీకు అవసరమైనదే అయితే తీసేయనక్కరలేదు. దాని గుర్తు మీద కుడి బటన్ నొక్కితే, ఏ సైట్లలోని సమాచారాన్ని అది చదవవచ్చో నిర్ణయించే అవకాశం ఉంటుంది. అన్ని సైట్లలో అని ఉన్నదాన్ని, నొక్కినప్పుడు మాత్రమే అనో, ఈ సైటులో మాత్రమే అనో మార్చండి. ధరలు పోల్చే ఎక్స్‌టెన్షన్‌కు బ్యాంకు పేజీలో, మెయిల్‌లో, వార్తల్లో పనేమీ లేదు. ప్రాసెసర్ విషయం పక్కన పెట్టినా, మీ గోప్యత కోసమైనా ఈ మార్పు చేయమని నేను గట్టిగా చెబుతాను. నిజాయితీగా నడుపుతున్న ఎక్స్‌టెన్షన్ అయితే దాని రూపకర్తకు సైటు చిరునామా, బ్రౌజరు వెర్షన్, బాటమ్-అప్ పట్టికలో పైన ఉన్న ఫంక్షన్ పేరు రాసి పంపండి. నెమ్మదిగా ఉందన్న ఫిర్యాదుతో వారేమీ చేయలేరు. ఫంక్షన్ పేరుతో వచ్చిన ఫిర్యాదును చాలాసార్లు ఒక్క రోజులో సరిచేయడం నేను చూశాను.

తీసేయాలనే నిర్ణయిస్తే, సింక్ ఆన్‌లో ఉండగానే ఎక్స్‌టెన్షన్ల పేజీ నుంచి తొలగించండి. అప్పుడు ఆ తొలగింపు కూడా ఖాతాలోకి చేరి, మీ ఇతర కంప్యూటర్ల నుంచి కూడా పోతుంది. సింక్ ఆపి తొలగించి మళ్లీ సింక్ పెడితే అది తిరిగి రావచ్చు. తొలగించే బటన్ పనిచేయకుండా, క్రోమ్ మెనూ అడుగున మీ బ్రౌజరును మీ సంస్థ నిర్వహిస్తోందన్న వాక్యం కనబడితే, అది కార్యాలయం ఇచ్చిన ల్యాప్‌టాప్ అయినట్లయితే మీ ఐటీ విభాగంతో మాట్లాడండి. సొంత ల్యాప్‌టాప్‌లో ఆ వాక్యం కనబడితే మాత్రం, మీరు ఇన్‌స్టాల్ చేసిన ఏదో సాఫ్ట్‌వేర్, విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలోని క్రోమ్ పాలసీల్లో (క్రోమ్ పాటించే నిబంధనల్లో) ఒక వరుస చేర్చి ఆ ఎక్స్‌టెన్షన్‌ను బలవంతంగా పెట్టి ఉంటుంది. కొన్ని యాంటీవైరస్‌లు కూడా ఈ పాలసీలను వాడతాయి కాబట్టి చూడగానే కంగారు పడనక్కరలేదు. కంట్రోల్ ప్యానెల్‌లో ఇటీవల చేరిన ప్రోగ్రాముల్లో దాన్ని వెతికి ముందు తీసేసి, ఆ తర్వాత పాలసీ వరుస పోయిందో లేదో చూసుకోండి.

ఇవన్నీ చేశాక ట్యాబ్‌లన్నీ రీలోడ్ చేసి, కదలికలు లేని పేజీ ఒకటి ముందుంచి, కీబోర్డు ముట్టకుండా రెండు నిమిషాలు క్రోమ్ టాస్క్ మేనేజర్ చూడండి. పైవరుసలోని అంకె అప్పుడప్పుడు లేచినా వెంటనే ఒకటి రెండుకు పడిపోతూ ఉండాలి. అలా కాక ఏదైనా వరుస మళ్లీ 100 దగ్గర నిలబడితే, ఆ వరుస పేరు, ట్యాబ్ మార్చినప్పుడు అంకె తగ్గిందో లేదో, ఐదు సెకన్ల రికార్డింగులో పైన వచ్చిన మూడు ఫంక్షన్ల పేర్లు రాసి పంపండి. వాటితో తర్వాత ఏం చూడాలో నేను చెప్పగలను.